ఆషాఢంలో ఆగిన సంతకం

మీవి అని మీరు అనుకుంటున్న వస్తువుల్లో ఎన్నింటి కాగితం మీ పేరున ఉంది? లేచి పెట్టె తెరిచి చూసుకోండి. ఈ కథ ఎక్కడికీ పోదు.

బెంగుళూరు మావళ్ళిలో ఉండే డ్రైవరు ఆవులప్పకు అలా పెట్టె తెరిచి చూసుకునే అవసరం యాభై రెండేళ్ళు వచ్చేదాకా కలగలేదు. కాగితం దాచుకోదగిన వస్తువు అతనికి అంతవరకు లేదు. దేవనహళ్ళి దగ్గరి పల్లెలో పుట్టాడు. పన్నెండో ఏట తండ్రి వెంట పట్టణం చేరి, చిక్కపేట వీధుల్లో జట్కా తోలుతూ పెద్దవాడయ్యాడు. పట్టుచీరల వ్యాపారి రామాంజినప్ప ఒకనాడు ఆ జట్కాలో విశ్వేశ్వరపురంలోని తన ఇంటికి పోతూ, దారి పొడవునా గుర్రానికి ఒక్క దెబ్బ కూడా పడకపోవడం గమనించాడు. దిగేటప్పుడు, "రేపట్నుంచి మా ఇంటికాడికే వచ్చేయప్పా" అన్నాడు.

ఆ ఇంట్లో గుర్రబ్బండి పోయి మోటారు వచ్చింది. ఆవులప్ప మాత్రం మారలేదు. దండు అని అందరూ పిలిచే కంటోన్మెంటులో, స్వదేశానికి పోతున్న ఒక దొర దగ్గర రామాంజినప్ప 1934లో నల్ల ఆస్టిన్ కారు కొన్నాడు. దండు ఇంగ్లీషువాళ్ళ పాలనలో ఉంది, పట్టణం మైసూరు మహారాజుగారిది. కారు దండులో కొన్నది కాబట్టి దాని నంబరూ రిజిస్ట్రేషను పుస్తకమూ దండు కచేరీవే. కబ్బన్ పార్కుకు అటొక ప్రభుత్వం, ఇటొక ప్రభుత్వం ఉన్న ఊళ్ళో ఆ కారు పదేళ్ళపాటు రెండు వైపులా తిరిగింది. దానికి ఆ తేడా ఏమీ తెలియలేదు.

1940లో రామాంజినప్ప చనిపోయాడు. బిడ్డలు లేరు. భార్య భాగీరథమ్మ చిక్కపేట కొట్టును బావగారి కొడుకు నంజప్పకు అప్పగించి, ఇంటినీ కారునూ తన దగ్గర ఉంచుకుంది. కారు పుస్తకంలో పేరు మార్పించమని నంజప్ప ఒకటి రెండుసార్లు చెప్పి చూశాడు.

"కొట్టు పలకమీద ఆయన పేరు చెరిపి నీ పేరు రాయిస్తివి. వాకిట్లో పలక నేనే తీసేస్తిని," అంది భాగీరథమ్మ. "ఆ బండిమీదన్నా ఉండనీ నాయనా. అదేమన్నా అన్నం అడుగుతాదా?"

యజమాని చనిపోతే పేరు మార్చాలని చట్టం చెబుతుంది. కాని చట్టం ఇంటికి వచ్చి తలుపు తట్టదు. సుంకం వేళకు చెల్లుతున్నంతకాలం, చెల్లిస్తున్న చెయ్యి బతికి ఉన్నవారిదా కాదా అని ఏ కచేరీ విచారించలేదు. యుద్ధం వచ్చి పెట్రోలుకు కూపన్లు పెట్టిన తరువాత కూడా అంతే. ఆవులప్ప ప్రతి నెలా పుస్తకం పట్టుకుపోయేవాడు. ఎప్పుడో కాటికి పోయిన రామాంజినప్ప పేరున పెట్రోలు తెచ్చేవాడు.

తారణ సంవత్సరం, అంటే 1944 ఉగాదినాడు భాగీరథమ్మ ఆవులప్పను పిలిపించింది. హాలులో పురోహితుడున్నాడు, నంజప్ప ఉన్నాడు, ఇరుగుపొరుగు నలుగురున్నారు. వెండి పళ్ళెంలో తమలపాకులు, వక్క, కొబ్బరికాయ, వాటిమీద కారు తాళంచెవి.

"తీసుకో ఆవులప్పా. నా కాళ్ళకు ఇంగ యాడికి పోయేది ఉండాది? బాడిగకు తోలుకో. నువ్వూ నీ పెండ్లామూ బతకండి."

ఆవులప్ప చేతులు ముందుకు రాలేదు. "నాకెందుకమ్మా అంత పెద్దది?"

"పెద్దదేమి? నలుగురు ఎక్కితే నీకే చోటుండదు."

నంజప్ప నవ్వాడు. "చిన్నమ్మా, బండి ఇస్తివి సరే, ఆవులప్పను ఎక్కించుకొని తిప్పేదానికి ఒక డ్రైవరును కూడా ఇచ్చేయి."

"నువ్వు పోరా డ్రైవరుగా. కొట్లో కూచొని కూచొని పొట్ట పెరిగిపోయింది నీకు."

అందరూ నవ్వుతుండగానే పురోహితుడు మంత్రం చదివాడు. భాగీరథమ్మ ఉద్ధరిణితో నీళ్ళు వదిలి, పళ్ళెం ఆవులప్ప చేతుల్లో పెట్టింది. అతను ఆమె కాళ్ళకు మొక్కాడు. ఆ సాయంత్రం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, కారును మావళ్ళిలోని తన ఇంటి పక్కకు తోలుకువచ్చాడు. అతని భార్య సొన్నమ్మ దానికోసం కొబ్బరిమట్టల పందిరి వేయించింది.

కాగితం సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. ఆవులప్ప వాళ్ళలో తాంబూలంతో ఇచ్చినదానికి కాగితం అడగరు. అడిగితే ఇచ్చినవాళ్ళ మాటను శంకించినట్టు లెక్క. విచిత్రం ఏమిటంటే, ఈ విషయంలో చట్టం కూడా ఆవులప్ప పక్షమే. కదిలే వస్తువును దానం చేయడానికి రిజిస్టరు పత్రం అక్కరలేదు. ఇచ్చేవారు మనస్ఫూర్తిగా చేతికి అప్పగించి, పుచ్చుకునేవారు పుచ్చుకుంటే దానం పూర్తయినట్టే. కారుకన్న బాగా కదిలే వస్తువు ఏముంటుంది? నీళ్ళు వదిలిన ఆ క్షణాన కారు ఆవులప్పది అయిపోయింది. అయితే కచేరీకి కావలసింది కారు ఎవరిదన్నది కాదు, పుస్తకంలో ఎవరి పేరుందన్నది. ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలని అతనికి ఎవరూ చెప్పలేదు.

చెప్పే సందర్భం జూన్‌లో వచ్చింది. జూలై నుంచి కొత్త కూపన్లు కావాలంటే పుస్తకంలో పేరున్న యజమాని స్వయంగా రావాలని కూపన్ల కచేరీలో నోటీసు అంటించారు. ఆవులప్ప హడావిడిగా వెళ్ళి, పక్క వీధిలో ఉండే పెద్దమునియప్పను పట్టుకున్నాడు. పెద్దమునియప్ప ఒక వకీలు దగ్గర గుమాస్తా. అతను రెండు కాగితాలు సిద్ధం చేశాడు. ఒకదానిలో, భర్త వారసురాలిగా కారును ఆవులప్పకు ఇచ్చానని భాగీరథమ్మ సంతకం, వాళ్ళ మాటలో రుజు, చేయాలి. రెండోదానిలో, పుచ్చుకున్నానని ఆవులప్ప చేయాలి. రెండూ పుస్తకంతోపాటు ఇస్తే పేరు మారుతుంది. పని అంతే.

ఇద్దరూ విశ్వేశ్వరపురం వెళ్ళారు. భాగీరథమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం మొత్తం చదివింది. భర్త పేరున్న చోట కాసేపు ఆగింది. తరువాత కలాన్ని సిరాలో ముంచింది.

అప్పుడు ఆవులప్ప నోరు తెరిచాడు.

"అమ్మా, ఒక్క మాట. ఇవాళ ఆషాఢం రెండో దినం."

"అయితే?"

"శ్రావణం రానీమ్మా. మొదటి శుక్రవారం చేస్తువులే. పదేండ్లుగా ఉండే అయ్య పేరు ఎత్తేసేది ఈ నెల్లో వద్దమ్మా. నేనొకసారి ఆషాఢంలో గుర్రాన్ని కొన్నా. ఎనిమిది దినాల్లో కాళ్ళు చాపేసింది."

పెద్దమునియప్పకు ఒళ్ళు మండింది. "ఏమప్పా, ఇది గుర్రమా? ఆయమ్మ కలం ముంచింది, రుజు చేయనీ. కచేరీలో ఆషాఢమూ లేదు, శ్రావణమూ లేదు."

"కచేరీలో లేదేమో. నాకుండాది."

భాగీరథమ్మ నవ్వింది. "నా రుజు చూసి బెదిరేవాడిని నిన్నే చూసినానప్పా." కలం పాళీని గుడ్డతో తుడిచి, సిరాబుడ్డికి మూత పెట్టింది. "సరే, శ్రావణ శుక్రవారమే కానీ. పాయసం చేయిస్తాను. ఈ గుమాస్తాను కూడా తోడుకొని రా, కోపం తగ్గుతాది."

ఆషాఢ బహుళంలో ఆమెకు జ్వరం తగిలింది. మొదటిరోజు కషాయం తాగింది. రెండోరోజు డాక్టరును పిలిచారు. మూడోరోజు తెల్లవారేసరికి ఆమె లేదు. శ్రావణ మొదటి శుక్రవారం ఆ ఇంట్లో పొయ్యిమీద అన్నం ఉడికింది పిండాలకోసం. పెరట్లో బంధువుల మధ్య నిలబడిన ఆవులప్పకు కన్నీళ్ళు కూడా సరిగ్గా రాలేదు. ఆమె కలం ముంచడం, తను నోరు తెరవడం, ఆ రెండే కళ్ళముందు తిరిగాయి.

కర్మలు ముగిశాక అతను కూపన్ల కచేరీకి పోయాడు.

"యజమాని ఎవరు?" అన్నాడు గుమాస్తా.

"నేనే సామీ. ఆవులప్ప."

"పుస్తకంలో రామాంజినప్ప అని ఉండాది."

"ఆయన పోయి నాలుగేండ్లు."

గుమాస్తా తల ఎత్తాడు. "మరి పోయిన నెలదాకా ఈ పెట్రోలు తాగింది ఎవరయ్యా?"

వెనక వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వు ఆగాక గుమాస్తా కొంచెం మెత్తబడి, పేరు మార్పించుకు రమ్మన్నాడు. పట్టణంలోని మోటారు కచేరీకి పోతే, నంబరు తమది కాదనీ, దండుకు పొమ్మనీ అన్నారు. ఆవులప్ప కబ్బన్ పార్కు దాటి నడిచి దండు కచేరీ చేరాడు. కారున్నవాడు కాలినడకన తిరుగుతున్నాడని దారిలో తెలిసినవాళ్ళు ఎగతాళి చేశారు.

దండు కచేరీలో కూర్చున్న నడివయసు ఉద్యోగి మర్యాదస్థుడు. కాగితాలు రెండూ ఓపికగా చదివాడు.

"ఇచ్చినవారి సంతకం లేదే?"

"వారు పోయినారు సామీ."

"అయితే వారి వారసుల సంతకం. అదీ కుదరకపోతే కోర్టు ఉత్తర్వు."

"కోర్టులో ఎన్ని దినాలు పడతాది సామీ?"

"దినాలా?" అన్నాడు ఉద్యోగి. కాగితాలు మడిచి జాగ్రత్తగా చేతికిచ్చాడు.

వారసుడు నంజప్ప. ఉగాదినాడు అదే హాలులో కూర్చుని నవ్వినవాడు. కొట్లో కూర్చోబెట్టి, ఆవులప్పకు కాఫీ తెప్పించాడు. దానం జరగలేదని ఒక్క మాట కూడా అనలేదు.

"నా కండ్లముందరే ఇచ్చింది. నేను అబద్ధం చెప్పను."

"అయితే ఈడ ఒక రుజు చేయప్పా. నీకు పుణ్యం ఉంటాది."

నంజప్ప కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "చూడు ఆవులప్పా, బాగా ఆలోచించు. ఈ బండి చిన్నమ్మ ఇచ్చినప్పుడే నీదైపోయుంటే, దానిమీద రుజు చేసేదానికి నేనెవరు? నాకు సంబంధం లేదు. లేదు, వారసుడిగా నేను రుజు చేయాలంటే, బండి ముందు నాకు రావాలి. నాకు వస్తే అది నాది. నాదాన్ని నీకు ఊరికే ఎందుకియ్యాల?"

ఆ మాటల్లో ఎక్కడో మోసం ఉందని ఆవులప్పకు తెలుస్తోంది, ఎక్కడుందో దొరకడం లేదు. పెద్దపెద్ద వకీళ్ళు కూడా ఇటువంటి మాటల ఎదుట కొంతసేపు నీళ్ళు నములుతారు. తెలిసిన నిజాన్ని తెలిసినట్టు రాసి కింద పేరు పెట్టడానికి ఏ హక్కూ అక్కరలేదు, కొంచెం సిగ్గు ఉంటే చాలు. ఈ బదులు చెప్పేవాళ్ళు ఆ కొట్లో ఎవరూ లేరు.

"మంచి బండి అది," అన్నాడు నంజప్ప, అతను లేచేటప్పుడు. "పందిట్లో పాడు చేయొద్దు. ఎప్పుడైనా అలసిపోతే తెచ్చి మా ఇంటికాడ నిలిపెయ్యి."

కారు పందిట్లోనే నిలిచిపోయింది. పెట్రోలుకు బదులు బొగ్గు గ్యాసుతో నడిపించే పొయ్యి బిగించి తోలుకుందామన్నా, ఆ పొయ్యిని కూడా పుస్తకంలో యజమానే రాయించుకోవాలి. బాడిగకు తిప్పే అనుమతి కూడా యజమానికే ఇస్తారు. ఆవులప్ప ప్రతి శుక్రవారం కారును కడిగి, పసుపు కుంకుమ పెట్టి, డ్రైవరు సీట్లో కాసేపు కూర్చుని దిగేవాడు. వెనక సీటు కిందికి ఒక కోడి దూరి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. దాన్ని తరమడానికి కూడా అతనికి మనసు రాలేదు. ఇంతవరకు ఆ కారు ఎవరికైనా పనికివచ్చిందంటే ఆ కోడికే.

ఇల్లు సొన్నమ్మ పూలు కట్టి అమ్మే రాబడిమీద నడవసాగింది. దేవనహళ్ళికి బొగ్గుబస్సు నడిపే మునిరాజు రెండుసార్లు ఇంటికి వచ్చి అడిగాడు. "నీ మాదిరి చెయ్యి తిరిగినోడు నాకు కావాలన్నా. రాకూడదా?" ఆ బస్సు వెనక మనిషెత్తు పొయ్యి ఉంటుంది. తెల్లవారకముందే లేచి దాన్ని రాజేయాలి. సాయంత్రానికి మొగం మసిబారిపోతుంది. "సొంత బండి పెట్టుకొని నీ పొయ్యి ఊదేదానికి వస్తానా మునిరాజూ?" అన్నాడు ఆవులప్ప మొదటిసారి. రెండోసారి, ఆలోచిస్తానన్నాడు.

దీపావళి దాటాక ఒక పగలు, దండు కచేరీ వరండాలో అర్జీలు రాసే చిక్కమునియప్ప అతన్ని చెట్టు కిందికి పిలిచాడు.

"నాలుగు నెలలుగా తిరగతా ఉండావు. చూడలేకుండా ఉండానప్పా. ఆ కాగితం ఖాళీగా ఉండాది కదా, ఇట్ల ఇయ్యి. ఆషాఢానికి ముందరి తేదీ వేద్దాం. ఆయమ్మ రుజు ఉండే కాగితం ఏదన్నా ఒకటి ఉంటే చాలు."

ఆవులప్ప దగ్గర ఉంది. దొడ్డపేట దుకాణానికి భాగీరథమ్మ ఎప్పుడో సంతకం పెట్టి రాసిచ్చిన చీటీ, జేబుపుస్తకంలో. ఆమె చేతివ్రాత కదా అని పారేయలేదు. దాన్ని ఎందుకు తీసి ఇచ్చాడో అతనికే తెలియదు. చిక్కమునియప్ప దాన్ని ఒకసారి చూసి, పలకమీద సుద్దముక్కతో గీశాడు. చెరిపి మళ్ళీ గీశాడు. మూడోసారి పలకను ఆవులప్ప వైపు తిప్పాడు.

ఆమె సంతకమే. మొదటి అక్షరం దీర్ఘం దగ్గర చెయ్యి వణికి పక్కకు జారినట్టు ఉండే వంకరతో సహా. నాలుగు నెలలుగా అతను ఏది కావాలని తిరిగాడో అది అక్కడ సుద్దలో తెల్లగా ఉంది.

"ఆయమ్మ లేచొచ్చి కాదంటాదా?" అన్నాడు చిక్కమునియప్ప. "నంజప్ప కూడా కిక్కురుమనడు. రేపు పొద్దున కాగితాలు తే. సిరాతో ముగించేస్తా."

ఇంటికి వచ్చి సొన్నమ్మకు చెప్పాడు. ఆమె మల్లెలు మాల కడుతోంది, చేతులు ఆపలేదు.

"చేయించు. ఇందులో దొంగతనం ఏముండాది? ఆయమ్మ ఇయ్యలేదా?"

"ఇచ్చింది."

"రుజు చేస్తానని కూచోలేదా?"

"కూచొనింది."

"మరి ఉండేదాన్నే కదా రాసేది. లేనిదాన్ని రాస్తే తప్పు."

ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నిజం చెప్పడానికి దొంగ సంతకం తప్ప వేరే దారి మిగల్చని ఏర్పాటులో తప్పు ఎవరిదో సొన్నమ్మ చెప్పవలసిన పని కూడా లేదు. ఆవులప్ప పందిట్లోకి వెళ్ళి కారు తలుపు తెరిచి కూర్చున్నాడు. కోడి అరుస్తూ బయటికి దూకింది. ఎదుటి అద్దంలో సొన్నమ్మ మాల కట్టడం చిన్నగా కనిపిస్తోంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఇంటి బండి తోలుతూ, వెనక కూర్చున్నవారిని అతను ఎన్నడూ తిరిగి చూడలేదు. మాట మాత్రమే వినేవాడు. ఇప్పుడు వెనక ఎవరూ లేరు. అయినా సిరాబుడ్డి మూత పడిన చప్పుడు వినిపించినట్టయింది.

చాలాసేపటికి దిగి వచ్చాడు.

"వద్దు సొన్నీ."

"ఏమి వద్దు?"

"ఆయమ్మే రాస్తానంటే నేను వద్దంటిని. ఇప్పుడు ఎవడో రాస్తే కావాలంటానా?"

సొన్నమ్మ దారాన్ని పళ్ళతో తెంపింది. "అయితే ఇంగ ఏమి చేస్తావు? కోడికి గంప కొనిస్తావా?" అంది.

అతను పెద్దమునియప్ప ఇంటికి పోయాడు. ఇన్నాళ్ళూ అందరూ భాగీరథమ్మ సంతకం గురించే మాట్లాడారు. పుచ్చుకున్నానని చెప్పే రెండో కాగితం, ఆవులప్ప చేయవలసింది, అది కూడా ఖాళీగానే ఉంది. మొదటిది లేనప్పుడు రెండోది దేనికని దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. లైసెన్సుకోసం నేర్చుకున్న కన్నడ అక్షరాల్లో తన పేరు రాయడం అతనికి వచ్చు.

"దీనికింద నేను చెప్పేది రాయప్పా," అన్నాడు. "బండి నాకు ఉగాదినాడు తాంబూలంతో ఇచ్చినారు. నేను పుచ్చుకున్నా. ఇచ్చినామె రుజు చేస్తానని కలం ముంచింది. ఆషాఢమని నేనే ఆపినా. శ్రావణానికి ఆమె లేదు. చూసినోళ్ళు ఉండారు. అంతే రాయి."

"ఇది ఎవరు తీసుకుంటారప్పా? తిరగ్గొడతారు."

"తెలుసు."

"తెలిసీ ఎందుకు?"

"నాది నేను చేయాల్సిన రుజు. అదొక్కటీ నా చేతిలో ఉండాది కదా."

పెద్దమునియప్ప రాశాడు. ఆవులప్ప కలం తీసుకుని, ఒక్కొక్క అక్షరం నిలిపి, కింద తన పేరు రాశాడు. ఆ రోజు పంచాంగంలో ఏ తిథి ఉందో అడగలేదు.

తిరిగి వస్తూ దారిలో మునిరాజు ఇంటి ముందు నిలబడి, బస్సుకు వస్తానని చెప్పాడు. ఇంటికి చేరి సొన్నమ్మ పక్కన కూర్చున్నాక తన నిర్ణయం మొత్తం బయటపెట్టాడు. సోమవారం దండు కచేరీకి పోయి ఆ కాగితాన్ని ఇస్తాడు. తీసుకున్నా సరే, తిరగ్గొట్టినా సరే, ఇచ్చానన్న గుర్తు రాసి ఇమ్మని అడుగుతాడు. మంగళవారం నుంచి దేవనహళ్ళి బస్సుకు పొయ్యి రాజేస్తాడు. నల్ల కారును నంజప్ప ఇంటి ముందు నిలపడు, ఎవరికీ అమ్మడు, మరొకరి చేతివ్రాతతో దానిమీదికి తన పేరు ఎక్కనివ్వడు. ఎవరో ఒకరు ఆ కాగితానికి బదులు చెప్పేదాకా అది ఆ పందిట్లోనే ఉంటుంది.